విదేశాలకు వెళ్లే పిల్లలకు కొండల గురించి కూడా చెప్పండి

గౌరవనీయులైన సంపాదకులకు,

విదేశీ చదువులకు వెళ్లే విద్యార్థుల కోసం మన విజయవాడ, గుంటూరు నగరాల్లో జరిగే అవగాహన సదస్సుల్లో వీసా ఇంటర్వ్యూ మొదలుకొని బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా, పార్ట్‌టైమ్ ఉద్యోగ నిబంధనల దాకా అన్నీ వివరిస్తున్నారు గానీ, వాళ్లు అక్కడ సెలవు రోజుల్లో ఎక్కబోయే కొండల గురించి మాత్రం నాకు తెలిసినంతలో ఎవరూ మాట్లాడడం లేదు. ఉద్యోగరీత్యా లాస్ ఏంజెలెస్ పరిసరాల్లో ఉంటూ, అక్కడి కొండబాటల్లో తరచూ నడిచే గుంటూరు ఆడపడుచుగా ఈ లోటును తల్లిదండ్రుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఆ నగరాన్ని ఆనుకుని ఉన్న శాన్ గేబ్రియల్ పర్వతాల్లో అన్నిటికంటే ఎత్తయినది మౌంట్ శాన్ ఆంటోనియో. అందరూ మౌంట్ బాల్డీ అంటారు. శిఖరం ఎత్తు 10,064 అడుగులు, అంటే 3,068 మీటర్లు. బాట మొదలయ్యే మాంకర్ ఫ్లాట్స్ దాకా కారు వెళుతుంది. అక్కడి నుంచి దాదాపు 3,900 అడుగుల ఎత్తు కాలినడకన ఎక్కాలి. నగరానికి దగ్గరగా ఉండడమే ఈ కొండతో వచ్చే చిక్కు. కింద ఎండ కాస్తూ, జనం చొక్కాలతో తిరుగుతున్న జనవరి ఉదయాన పైన ఏ పరిస్థితి ఉంటుందో ఊహకు అందదు. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, సముద్ర తీరంలో 18 డిగ్రీలున్న రోజున శిఖరం మీద సున్నా దగ్గర ఉంటుంది. దానికి గాలి తోడైతే చెప్పనక్కర్లేదు.

మన పిల్లలకు తెలిసిన కొండలు ఇంద్రకీలాద్రి, మంగళగిరి, కోటప్పకొండ. అక్కడ మెట్లుంటాయి, ఎవరో ఒకరు ఎదురవుతూనే ఉంటారు, అలసిపోతే కూర్చోవచ్చు, గుక్కెడు నీళ్లు దొరుకుతాయి. ఆ అలవాటుతోనే బాల్డీకి బయల్దేరుతారు. ఒక చలికాలం ఉదయం స్కీ హట్ అనే పాత వసతి గృహం దాటాక, గడ్డకట్టిన వాలు అంచున జీన్స్ ప్యాంటు, పరుగుకు వాడే బూట్లు, చేతిలో అరలీటరు నీళ్ల సీసాతో ఒక కుర్రాడు కనిపించాడు. తెనాలి వైపు అబ్బాయి. "మంగళగిరి కొండ ఎన్నోసార్లు ఎక్కానక్కా, ఇదెంత?" అన్నాడు. నా బూట్లకు తగిలించిన ఇనుప ముళ్లను, చేతిలోని మంచు గొడ్డలిని చూపించి, పైన వాలు ఎంత నిటారుగా ఉంటుందో చెప్పాక నాతోపాటే కిందికి దిగాడు. ఆ అబ్బాయిది మొండితనం కాదు. అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

నిజానికి ప్రాణాలు తీసేది మెత్తటి మంచు కాదు. పగటి ఎండకు పైపొర కరిగి, నీడ పడగానే మళ్లీ గడ్డకట్టి, నూనె పోసిన గచ్చులా తయారైన వాలు మీద కాలు జారితే, ఆపుకోవడం తెలియని మనిషి వందల అడుగులు కిందికి పోతాడు. చదునైన బాట మీద పనికొచ్చే మైక్రోస్పైక్స్, అంటే బూట్లకు తొడిగే చిన్న ముళ్ల పట్టీలు, ఆ వాలు మీద చాలవు. క్రాంపాన్లు అనే పొడవాటి ఇనుప ముళ్లు, మంచు గొడ్డలి, వాటిని వాడడంలో శిక్షణ కావాలి. 2023 జనవరి 13న ఒంటరిగా ఈ కొండకు వెళ్లిన బ్రిటిష్ నటుడు జూలియన్ శాండ్స్ పర్వతారోహణలో ఎంతో అనుభవం ఉన్నవారు. ఆయన అవశేషాలు ఆ ఏడాది జూన్‌లో గానీ దొరకలేదు.

ఎత్తు సంగతి వేరే. సుమారు 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. వయసులో ఉన్నామనో, వ్యాయామం చేస్తామనో అది వదిలిపెట్టదు. అప్పుడు చేయవలసింది కిందికి దిగడమే.

పిల్లల్ని కొండలెక్కవద్దని కట్టడి చేయమని నేను అనడం లేదు. వేసవి చివర బాల్డీ మీద నిలబడి చూసే దృశ్యం వాళ్లకు దక్కాలనే నా కోరిక కూడా. అయితే వీడియో కాల్‌లో "తిన్నావా?" అని అడిగే తల్లిదండ్రులు, కొండకు వెళుతున్నానని పిల్లలు చెప్పినప్పుడు ఏ బాటలో వెళుతున్నారు, తోడెవరు, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు, రాకపోతే ఎవరు ఫోన్ చేయాలి అని కూడా అడగాలి. అనుకున్న వేళకు శిఖరం అందకపోయినా వెనక్కి తిరగమని గట్టిగా చెప్పాలి. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదు కాకముందే పొద్దుగుంకుతుంది. చెమటకు తడిస్తే ఒంటి వేడిని లాగేసే నూలు బట్టలు వద్దనాలి. కొండ మీద చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదని, అక్కడి అత్యవసర సహాయ నంబరు 911కు కాల్ కలుస్తుందన్న భరోసా లేదని వాళ్లకు ముందే తెలియాలి.

కన్సల్టెన్సీలు, ఇంజినీరింగ్ కళాశాలలు తమ సదస్సుల్లో దీనికి ఒక అరగంట కేటాయిస్తే చాలు. సెలవుల మీద ఊరికి వచ్చే నాలాంటి వాళ్లం ఉచితంగా వచ్చి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాం. మీ పత్రిక కూడా ఆగస్టు, జనవరి ప్రవేశాలకు పిల్లలు బయల్దేరే ముందు జిల్లా పేజీల్లో ఈ జాగ్రత్తలను ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు