మూడు లాంతర్ల దగ్గరి డీటీపీ అన్నకు

అన్నా, పేరడిగితే నవ్వేసి ఊరుకున్నారు. అందుకే విజయనగరం పదో తరగతి పిల్లలం ఇలా అందరి ముందూ థ్యాంక్స్ చెబుతున్నాం. మా స్కూల్ మ్యాగజైన్ అచ్చయింది!

ఫోన్లలో యూనికోడ్‌లో కొట్టిన వ్యాసాలు, పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో పెట్టగానే అన్నీ ప్రశ్నార్థకాలే. మీరు వాటిని ఆ సాఫ్ట్‌వేర్ చదవగలిగే అను ఫాంట్‌లోకి మార్చి, చెదిరిన వత్తులన్నీ ఓపిగ్గా సరిచేశారు. వాట్సాప్ ఫొటోలు అచ్చులో మసకేస్తాయని ఒరిజినల్స్ తెప్పించారు. మా టెన్షన్ చూసి టీ కూడా తెప్పించారు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు 4 చొప్పునే పెరుగుతాయి, 46 కుదరదు, 48 చెయ్యమన్నదీ మీరే. ఆ రెండు పేజీల్లో ఆయమ్మ, వాచ్‌మన్‌ల ఫొటోలు వేశాం. నిజం చెప్పాలంటే అందరూ ముందు తిప్పేది అవే. డబ్బులు మాత్రం టైపింగుకే తీసుకున్నారు. మీ కాపీ విడిగా తీసి ఉంచాం, శనివారం స్కూలయ్యాక తెస్తాం.