వైస్ ఛాన్సలర్ గారికి బహిరంగ లేఖ: మా కెమిస్ట్రీ ల్యాబ్ గురించి

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి నమస్కారం. ఇచ్చిన అర్జీలకి జవాబు రాలేదు కాబట్టే అందరి ముందూ అడుగుతున్నాం సార్. బీఎస్సీ ల్యాబ్‌లో ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టం, అదే బ్యూరెట్, ఒక్కోదాని చుట్టూ గుంపుగా నిలబడుతున్నాం, వేడిచేసిన ఆక్సాలిక్ యాసిడ్‌లోకి పర్మాంగనేట్ చుక్క చుక్కగా వదులుతూ లేత గులాబీ రంగు నిలిచిన ఆ ఒక్క చుక్క దగ్గర ఆపడం సొంత చేత్తో చేస్తేనే వస్తుంది, మేమేమో పక్కవాళ్ల రీడింగే రికార్డులో ఎక్కించుకుంటున్నాం. విషవాయువుల్ని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ పనిచేయదు, గాఢ నైట్రిక్ యాసిడ్‌లో రాగి వేస్తే లేచే గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది, ఆస్తమా ఉన్న మా క్లాస్‌మేట్ ల్యాబ్‌కి రావడమే మానేసింది, ఎంత బాగా చదివే అమ్మాయో సార్.

ప్రాక్టికల్ పరీక్షల లోపు హుడ్ బాగుచేయించండి, ఇద్దరికో బ్యూరెట్ ఇప్పించండి, పోయిన ప్రాక్టికల్స్ మళ్లీ పెట్టించండి. ఎప్పటిలోగా చేస్తారో తేదీ వేసి రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
బీఎస్సీ కెమిస్ట్రీ విద్యార్థులు