‘మీ ఇష్టమండీ’ అనకు

చిలకలూరిపేట
ఆదివారం రాత్రి

అమ్మలూ,

పొద్దున నీ ఫోన్ పెట్టేశాక మధ్యాహ్నం కునుకు పట్టలేదు. కొత్త కంపెనీ ఫారంలో ఎంత జీతం ఆశిస్తున్నారన్న గడిలో ‘నెగోషియబుల్’ అని రాసి పంపేశానన్నావు. మంగళవారం హెచ్చార్ ఆవిడ ఫోన్ చేసి అదే అడిగితే “మీ పాలసీ ప్రకారం ఇవ్వండి మేడమ్ అంటాలే నాన్నా” అన్నావు. అంతా నా పోలికే. ముక్కు వస్తే వచ్చింది, ఈ మొహమాటం రాకుండా ఉండాల్సింది.

1988లో మిల్లులో గుమాస్తా ఉద్యోగానికి వెళ్తే మేనేజరు గారు నన్నూ ఇదే అడిగారు. చేతులు కట్టుకుని “మీ ఇష్టమండీ” అన్నాను. అది వినయం అనుకున్నాను. 650 వేశారు. నా తర్వాత లోపలికి వెళ్లినాయనది నా అంత చదువే. 900 అడిగి 800కి ఒప్పుకుని బయటికొచ్చాడు. నాకెలా తెలుసంటావా? నెలనెలా జీతాల బిల్లు రాసింది నేనే కదా! నా పేరు, దాని కింద ఆయన పేరు. పెంచేది శాతాల్లో కాబట్టి ఆ నూటయాభై అక్కడే ఆగలేదు, పదేళ్లకి మూడొందలు దాటింది. ఆయన మీద కోపం లేదు. నా చేత్తో నేనే రాసుకోవడమే కష్టంగా ఉండేది.

సరే, లెక్కలోకి వద్దాం. నీ పే స్లిప్పు ముందు పెట్టుకున్నాను. సీటీసీ, అంటే కంపెనీ నీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, ఆరు లక్షలంటే నెలకి యాభై వేలని మీ అత్తయ్య అనుకుంటోంది. అందులో పనితీరుని బట్టి ఇచ్చే వేరియబుల్ 60 వేలు, అది వచ్చినప్పుడు వచ్చినట్టు. పీఎఫ్ కింద కంపెనీ కట్టేది నెలకి 1,800, అంటే 15 వేల మీద 12 శాతం; ఏడాదికి 21,600. నీ బేసిక్, అంటే అసలు జీతం, నెలకి 25 వేలు కాబట్టి, ఉద్యోగం మానేటప్పుడిచ్చే గ్రాట్యుటీ కింద ఏడాదికి 14,423 చూపించారు. నెలని 26 రోజులుగా లెక్కేసి, అందులో పదిహేను రోజుల జీతం. అయిదేళ్లు నిండితే గాని అది చేతికి రాదు, నీకేమో మూడేళ్లే. ఇవన్నీ తీసేసి పన్నెండుతో భాగించి, అందులోంచి నీ వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషన్ టాక్సు 200 కోసేస్తే మిగిలేది 39,998. నలభై వేలకి రెండు రూపాయలు తక్కువ! బ్యాంకులో పడేది అంతే కదా, చూసుకో.

ఇప్పుడు కొత్త కంపెనీ వాళ్లు సీటీసీ ఏడున్నర లక్షలు ఇస్తామన్నారనుకో. అందులో వేరియబుల్ ఇరవై శాతం, బేసిక్ సగం పెడితే ఇదే లెక్కన చేతికి 44,697. లక్షన్నర పెరిగిందని ఊరంతా చెప్పుకుంటాం, నెలకి పెరిగింది మాత్రం 4,699. అందుకని సీటీసీ ఎంత కావాలంటే “ఫిక్స్‌డ్ ఇంత కావాలండీ” అని చెప్పు, వేరియబుల్ సంగతి విడిగా అడుగు. వేరియబుల్ తీసేస్తే మిగిలే నీ ఫిక్స్‌డ్ ఇప్పుడు 5.4 లక్షలు. ఫిక్స్‌డే ఏడున్నర అడుగు. ఆరు లక్షల డెబ్బై వేలకి తగ్గితే ఉన్న ఉద్యోగం వదలకు. ఈ రెండో అంకె మాత్రం మన ఇల్లు దాటకూడదు. నావి పాతకాలం లెక్కలనిపిస్తే, ఇదే పని చేస్తున్న నీ స్నేహితుల్ని ఓ నలుగుర్ని అడిగి సరిచేసుకో. జీతం అడగడం మర్యాద కాదంటారు గానీ, ఆ మర్యాద వల్ల బాగుపడింది మా మిల్లు యజమాని ఒక్కడే.

ముందు “ఈ పోస్టుకి బడ్జెట్ ఎంత అనుకున్నారండీ?” అని నువ్వే అడిగి చూడు. చెప్తే సరేసరి. చెప్పకుండా “ఇప్పుడెంత వస్తోంది?” అంటారు. మీ అన్నయ్య ఉండే కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం అడగకూడదని చట్టమే ఉందట. ఇక్కడ అడుగుతారు, మూడు నెలల స్లిప్పులూ ఫారం 16 కూడా పెట్టమంటారు. కాబట్టి రూపాయి కూడా కలిపి చెప్పకు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, “ఈ పోస్టులో ముగ్గురి పని చూసుకోవాలన్నారు, దానికి తగ్గట్టు ఫిక్స్‌డ్ ఏడున్నర అడుగుతున్నానండీ” అను. మాదాపూర్ అద్దె గురించి, తమ్ముడి ఫీజు గురించి ఎత్తకు. ఆ మాట వింటే నీ పని విలువ పక్కకి పోయి నీ అవసరం ఎంతో కొలుస్తారు.

నోటీసు మూడు నెలలు కదా, త్వరగా రమ్మంటే, మిగిలిన నోటీసు రోజులకి బదులు పాత కంపెనీకి కట్టాల్సిన బైఅవుట్ డబ్బు ఎవరు కడతారో అడుగు. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలని రాసి ఉంటుందేమో చూడు. ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రాజీనామా పెట్టావా, నీ సంగతి మీ అమ్మ చూసుకుంటుంది.

రేపు రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చెయ్యి. హెచ్చార్ మేడమ్‌ని నేనే. నేను అడుగుతాను, నువ్వు ఏడున్నర అని చెప్పి ఊరుకోవాలి. వెంటనే ‘కానీ కొంచెం అటూఇటూ అయినా పర్లేదు’ అని నువ్వే తగ్గించావంటే మళ్లీ మొదటి నుంచి. మీ అమ్మ పక్కనుంచి నవ్వుతుంది, పట్టించుకోకు.

మీ నాన్న