కాలిపర్‌కు తగిలిన చక్రం, మీ చెవిన పడని ఫిర్యాదు

హైదరాబాద్,
సెప్టెంబరు 29

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ముందుగానే కొలతల పటం పంపి అడిగినప్పటికీ బ్రేకులకు తగిలే చక్రాలు పంపడం, ఆ తర్వాత 46 రోజులుగా సమాధానం ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

మొదట ఒక మాట మనవి చేసుకోవాలి. మీరు పంపిన నాలుగు అల్లాయ్ చక్రాలలో పనితనపు లోపం ఏదీ లేదు. పోత నున్నగా ఉంది, రంగు నేను కోరినదే, తూకం కూడా మీరు చెప్పినంతే ఉంది. అవి నా కారు ముందు బ్రేకుల మీద సరిపోవు, అంతే. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది కనుక, ఆ సంగతిని నేను వారం రోజుల్లో మరచిపోయి ఉండేవాణ్ని. మరచిపోనివ్వకుండా చేసిన ఘనత మాత్రం పూర్తిగా మీ వినియోగదారుల సేవా కేంద్రానిదే.

నేను మీకు కొత్తవాణ్ని కాను. 2016లో నా పాత కారుకు మొదటి జత మీ దగ్గరే కొన్నాను. తర్వాత మా బావమరిది కారుకు, ఆ పైన నా మాట మీద నమ్మకంతో ఇద్దరు స్నేహితుల కార్లకు కూడా మీ చక్రాలే వేయించాము. ఇంతకంటే తక్కువ ధరకు ఇచ్చే దుకాణాలు హైదరాబాద్‌లోనే ఉన్నా, అడిగిన ప్రశ్నకు ఫోన్‌లో తెలిసిన మనిషి జవాబు చెప్పేవారన్న ఒక్క కారణంతో మీ దగ్గరకే వచ్చేవాణ్ని. ఆ మనిషి ఇప్పుడు మీ సంస్థలో లేరని ఈ నెలన్నరలో నాకు బాగా అర్థమైంది.

నేను కారు పందేల్లో పాల్గొనేవాణ్ని కాను. ఏడాదికి రెండు మూడు సార్లు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో, రోజంతా సొంత కారు నడుపుకోనిచ్చే ట్రాక్ డేలకు వెళ్తుంటాను. సుమారు 3.7 కిలోమీటర్ల ఆ చుట్టును నా పోలో జీటీ ఉత్సాహంగానే తిరుగుతుంది కాని, గత ఏడాది నాలుగో ల్యాప్‌కే బ్రేక్ ద్రవం మరిగి, పెడల్ మెత్తబడి, మలుపు దగ్గర గుండె నోట్లోకి వచ్చింది. అందుకే ఈ ఏడాది 312 మిల్లీమీటర్ల డిస్కులు, ఆ డిస్కులను రెండు వైపులా పట్టి ఆపే 4 పిస్టన్ల కాలిపర్లు వేయించాను. ఆ కాలిపర్లు పాత చక్రాల లోపల పట్టవని ముందే తెలుసు కనుక, కొత్త చక్రాల కోసం మిమ్మల్ని ఆశ్రయించాను.

ఇక్కడ నేను చేసిన పని ఏమిటో దయచేసి గమనించండి. బ్రేకులు తయారుచేసిన కంపెనీ తన కాలిపర్ ఆకారాన్ని అసలు కొలతలోనే గీసి, ఒక పటంగా ఇస్తుంది. దానిని కాగితం మీద కుదించకుండా అచ్చు తీసి, దళసరి అట్టకు అంటించి, కత్తిరించి, చక్రాన్ని బిగించే హబ్ ఆనే చోటుకు సరిగ్గా ఆనించి చక్రం లోపల ఒక చుట్టు తిప్పితే, ఆ చక్రం ఆ బ్రేకుకు సరిపోతుందో లేదో టైరు ఎక్కించకముందే తెలిసిపోతుంది. మీ గోదాములో ఒక మనిషికి అది అయిదు నిమిషాల పని. ఆ పటాన్ని నేను జులై 29న మీకు మెయిల్‌లో పంపి, ఈ అట్టను ఒక్క చక్రంలో పెట్టి చూసి, కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటేనే నా ఆర్డరు తీసుకోండని స్పష్టంగా రాశాను. మలుపులో చక్రం కొంత వంగుతుందనీ, వేడికి లోహం వ్యాకోచిస్తుందనీ, కాబట్టి గ్యారేజీలో వెంట్రుకవాసిలో తప్పించుకున్నది ట్రాక్ మీద తప్పించుకోలేదనీ కూడా వివరించాను.

రెండు రోజుల తర్వాత మీ ప్రతినిధి ఫోన్ చేసి, "16 అంగుళాల వీల్ కదా సార్, 312 డిస్క్ లోపల హాయిగా పడుతుంది" అని హామీ ఇచ్చారు. డిస్క్ పడుతుందని నాకూ తెలుసు. నేను అడిగింది కాలిపర్ గురించి, అందులోనూ స్పోకుల వైపు ఉబ్బి ఉన్న దాని బయటి ముఖం గురించి. వెడల్పు, ఆఫ్‌సెట్ (హబ్‌కు ఆనే ముఖం చక్రం నడిమి గీత నుంచి ఎంత పక్కకు ఉందన్న కొలత) అచ్చంగా ఒకటే అయిన రెండు చక్రాలలో ఒకదాని స్పోకులు బయటికి విల్లులా వంగి కాలిపర్‌కు చోటు ఇస్తాయి, రెండోదాని స్పోకులు లోపలికే కుంగి ఉంటాయి. పెట్టె మీద ముద్రించిన ఏ అంకెలోనూ ఆ తేడా కనిపించదు, అందుకే అట్ట కావాలి. "అట్ట పెట్టి చూశారా?" అని నేను మళ్లీ అడిగితే, "అంతా చూశాం సార్" అన్నారు. ఆ మూడు మాటలను నమ్మి ఆగస్టు 4న రూ. 52,000 చెల్లించాను.

చక్రాలు ఆగస్టు 13న వచ్చాయి. మరునాడు ఉప్పల్‌లోని మా మెకానిక్ టైరు లేకుండానే ఒక చక్రాన్ని హబ్‌కు బిగించి చేత్తో తిప్పితే, ప్రతి స్పోకు వెనుక భాగమూ కాలిపర్ ముఖాన్ని గీరుకుంటూ వెళ్లింది. ఎంత తక్కువ పడిందో చూద్దామని కాలిపర్ మీద చపాతీ పిండి ముద్ద అద్ది, చక్రం బిగించి తిప్పి, విప్పి చూశాము. ఒక అంచున కాగితమంత మందాన పిండి మిగిలింది, మరో అంచున మిగలనే లేదు. రిమ్ లోపలి గోడ వైపు మాత్రం కావలసినంత ఖాళీ ఉంది. ఆ పిండి ఫొటోతో ఆ రోజే మీకు ఫిర్యాదు పంపాను. అక్కడితో నా చక్రాల కథ ముగిసి, మీ కేంద్రం కథ మొదలైంది.

ఈ 46 రోజుల్లో 11 సార్లు ఫోన్ చేశాను, 7గురితో మాట్లాడాను, 4 ఫిర్యాదు సంఖ్యలు సంపాదించాను. తెలుగు కోసం 4 నొక్కమంటారు, నొక్కితే హిందీలో పలకరిస్తారు. అది పెద్ద విషయం కాదు, ప్రశ్న అర్థమైతే ఏ భాషలో జవాబు చెప్పినా నాకు సమ్మతమే. మొదటి ప్రతినిధి ఫొటోలు పంపమన్నారు. పంపాను. రెండో ప్రతినిధి ఫొటోలు అందలేదన్నారు. మళ్లీ పంపాను. మూడో ప్రతినిధి ఫొటోలు అందాయని ఆనందంగా చెప్పి, "సార్, బ్రేక్ మీద పిండి ఎందుకు ఉంది?" అని అడిగారు. పిండి ఎందుకో ఓపికగా వివరించాను. అంతా విన్న ఆ పెద్దమనిషి, "అయితే కారు కడిగించి మళ్లీ ఫొటో పంపండి" అన్నారు.

నాలుగో ప్రతినిధి, కారు ఎంత వేగంతో వెళ్తున్నప్పుడు చప్పుడు వస్తోందని అడిగారు. చక్రం బ్రేకుకు తగులుతోంది కాబట్టి కారు అసలు కదల్లేదని చెప్పాను. "కదిలించి చూశారా?" అన్నారు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగారంటే ఇన్నాళ్లూ వట్టి సామెత అనుకున్నాను. ఆయన నా ఫిర్యాదును "వాహనంలో శబ్ద సమస్య" అన్న శీర్షిక కింద నమోదు చేశారు. ఆ శీర్షిక వల్ల అది మరో విభాగానికి వెళ్లింది. ఆ విభాగం వారు, శబ్ద సమస్యలకు మా బాధ్యత లేదని రాసి దానిని మూసేశారు.

అయిదో ప్రతినిధి కాస్త తెలిసినట్టు మాట్లాడినందుకు ఆశపడ్డాను. "మీరు 16 అంగుళాలు కొనడమే తప్పు, ఇదే డిజైన్‌లో 17 అంగుళాలు కొనండి, తేడా కట్టండి" అన్నారు. తగులుతున్నది రిమ్ లోపలి గోడకు కాదు, స్పోకులకు. అదే డిజైన్, అవే కుంగిన స్పోకులు ఉన్నంత కాలం చక్రాన్ని ఒక అంగుళం పెంచితే బయటి చుట్టు పెరుగుతుంది కాని స్పోకు ఒక్క మిల్లీమీటరు కూడా పక్కకు జరగదు. పైగా 17 అంగుళాల టైర్ల ధర వేరు, బరువు వేరు. ఈ మాట చెబితే లైను తెగిపోయింది. తెగిందో, తెంచారో మీకే తెలియాలి.

ఆరో ప్రతినిధి సలహాను మీరు ప్రత్యేకంగా చదవాలని కోరుతున్నాను, ఎందుకంటే అది నా సహనానికే కాక నా ప్రాణానికి కూడా సంబంధించినది. చక్రానికీ హబ్‌కూ మధ్య 5 మిల్లీమీటర్ల బిళ్ల, అంటే స్పేసర్, వేసి, ఉన్న బోల్టులతోనే బిగించుకోమన్నారు. నా కారు బోల్టుల మర పిచ్, అంటే ఒక చుట్టు తిప్పితే బోల్టు లోపలికి దిగే దూరం, 1.5 మిల్లీమీటర్లు. అంటే ఆ స్పేసర్‌తో ప్రతి బోల్టు హబ్ లోపలికి మూడు చుట్లకు పైగా తక్కువ దిగుతుంది. చక్రాన్ని మధ్యలో నిలిపే హబ్ అంచులో చాలా భాగాన్ని కూడా ఆ స్పేసరే మింగేస్తుంది. పొడవైన బోల్టులు, దానికి తగిన అంచు ఉన్న స్పేసర్ కావాలన్న మాట ఆయన నోట రాలేదు. నేనే చెబితే, "అవన్నీ మీ ఇష్టం సార్" అన్నారు. ట్రాక్‌కు కొత్తగా వస్తున్న కుర్రవాడెవరైనా ఈ సలహాను వేదవాక్కుగా తీసుకుని ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించండి.

ఏడో ప్రతినిధి చాలా మర్యాదస్తురాలు. "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని నాలుగు సార్లు అన్నారు. నేను పంపిన పటం తన ముందు తెరిచి ఉందా అని అడిగితే, అలాంటివి తెరిచే అనుమతి తమకు లేదన్నారు. అప్పుడు వెలిగింది: జులై 29 నుంచి ఈ రోజు వరకు మీ సంస్థలో ఒక్కరు కూడా ఆ కాగితాన్ని తెరవలేదు. "అంతా చూశాం సార్" అన్నవారు కూడా చూడలేదు. కొద్ది మిల్లీమీటర్ల తప్పును క్షమించగలను. చూడనిదాన్ని చూశామని చెప్పి డబ్బు తీసుకోవడాన్ని మాత్రం ఏమనాలో మీరే చెప్పండి. ఆ మరునాడు సమస్య పరిష్కారమైందని ఒక సందేశం, తర్వాతి కొనుగోలుపై 10 శాతం తగ్గింపు కూపన్, మా సేవకు అయిదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తారన్న ప్రశ్న వరుసగా వచ్చాయి.

ఈలోగా సెప్టెంబరు రెండో ఆదివారం రానే వచ్చింది. ట్రాక్ డేకు కట్టిన ప్రవేశ రుసుము వెనక్కి రాదు, శ్రీపెరుంబుదూరులో తీసుకున్న గది అద్దె కూడా రాదు. కొత్త బ్రేకుల మీద పాత చక్రాలు పట్టవు, కొత్త చక్రాల సంగతి చెప్పనే చెప్పాను. పాత బ్రేకులు తిరిగి బిగించుకుని వెళ్లమన్నారు మిత్రులు. గత ఏడాది ఆ పెడల్‌ను తొక్కిన కాలు నాది కనుక ఒప్పుకోలేదు. చివరికి స్నేహితుడి కారులో ఒంగోలు, నెల్లూరు మీదుగా 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ట్రాక్ పక్కన కార్లు ఆగే పిట్ గోడ దగ్గర రోజంతా నిలబడి, అతని ల్యాప్ సమయాలు రాసిపెట్టి తిరిగి వచ్చాను. అతని కారుకు ఉన్నవి, 2019లో నేను చెప్పి కొనిపించిన మీ చక్రాలే.

ఇప్పుడు చక్రాలు వెనక్కి తీసుకుని డబ్బు ఇస్తారో, స్పోకులు బయటికి వంగిన మరో డిజైన్‌ను ఈసారైనా అట్ట పెట్టి చూసి పంపుతారో మీ ఇష్టం. ఏది చేసినా, ముందు ఆ పటం తెరిచి చూసిన మనిషి ఒకరు నాతో మాట్లాడాలి. అది జరగకపోతే ఏం చేయాలో నేను తెలుసుకునే ఉన్నాను. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ రెండు గడువులూ దాటిపోయాయి. అక్టోబరు 14 లోపు జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆ వెంటనే హైదరాబాద్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ రుసుము కూడా లేదు. కొన్నవాడు నివసించే ఊళ్లోనే కేసు వేయవచ్చు కనుక, ఈసారి దూరం రావలసింది మీరు. చక్రాల ధరతో పాటు పోయిన ప్రవేశ రుసుము, గది అద్దె, మనోవేదనకు పరిహారం కూడా అడుగుతాను. కమిషన్ వారి ముందు పెట్టడానికి అట్ట ముక్క, గీరుకుపోయిన కాలిపర్, 11 ఫోన్ కాల్‌ల తేదీలు సిద్ధంగా ఉన్నాయి. పిండి మాత్రం ఎండిపోయింది.

చక్రాలు నాలుగూ వాటి పెట్టెల్లోనే మా బాల్కనీలో భద్రంగా ఉన్నాయి. వాటి మీద మా అమ్మగారు వడియాలు ఆరబెడుతున్నారు. మీ వాహనం ఎప్పుడు వస్తుందో ఒక రోజు ముందు తెలియజేస్తే పెట్టెలు ఖాళీ చేయించి ఉంచుతాను.

ఇట్లు,
2016 నుంచి మీ ఖాతాదారుడు