పెళ్లి భోజనాల దగ్గర తెలిసే సంగతులు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి ఒక నర్సు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

తిరుపతి నుంచి ఒక స్టాఫ్ నర్సు నమస్కరించి రాస్తున్న ఉత్తరం ఇది.

చిత్తూరులో జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి, పందొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నర్సు ఉత్తరం రాసిందంటే జీతాల గురించో బదిలీల గురించో అనుకుంటారు. ఆ వినతిపత్రాలు మీ పేషీలో కట్టలు కట్టలుగా ఉండే ఉంటాయి, కొన్నిటి మీద నా సంతకం కూడా ఉంటుంది. ఇది మాత్రం ఇంకో సంగతి. ముందు నా తప్పు ఒకటి చెప్పుకుని మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట, అప్పట్లో నేను పనిచేస్తున్న ఆసుపత్రిలో, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా వార్డులో ఉన్నారు. షుగర్ ఎక్కువ. డాక్టరుగారు 16 యూనిట్ల ఇన్సులిన్ రాశారు. ఆ రోజు స్టాక్ లేక బయట తెమ్మంటే ఆయన కొడుకు పరుగెత్తి ఒక బుడ్డి తెచ్చి ఇచ్చాడు. మేం రోజూ వాడేది 40 యూనిట్ల బుడ్డి, అంటే ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు. దానికి ఎర్రమూత సిరంజి. ఆ అబ్బాయి తెచ్చింది ఎంఎల్‌కు 100 యూనిట్లది, అంటే రెండున్నర రెట్లు చిక్కనిది. దానికి వేరే సిరంజి ఉంటుంది, ఆరెంజ్ మూతది. కొత్తగా చేరిన సిస్టర్ అలవాటు ప్రకారం ఎర్రమూత సిరంజిలో 16 గీత దాకా లాగింది. గీత 16 దగ్గరే ఉంది, కానీ లోపల ఉన్నది 40 యూనిట్లు. పక్క మంచం దగ్గర బీపీ చూస్తున్న నాకు ఆమె చేతిలోని బుడ్డి లేబుల్ రంగు ఏదో తేడాగా కనిపించి, ఆగమ్మా అన్నాను. అంతే. మందు పారబోశాం. కొత్త సిరంజి తెప్పించాం. పెద్దాయన ఇడ్లీ తిని పడుకున్నారు, ఆయనకు ఏమీ తెలియదు.

ఆ సంగతి మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు. చెబితే మెమో వస్తుంది. ఆ పిల్ల ప్రొబేషన్‌లో ఉంది.

నెలన్నర తర్వాత తిరుచానూరులో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నది నా బ్యాచ్‌మేటే, ఊళ్లోనే ఇంకో ఆసుపత్రిలో పనిచేస్తుంది. సాంబారు వడ్డిస్తుండగా మెల్లగా చెప్పింది: వాళ్ల వార్డులో ఒకావిడకు ఇన్సులిన్ వేసిన కాసేపటికి ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, షుగర్ పడిపోయిందట. వెంటనే నరం ద్వారా గ్లూకోజ్ ఎక్కిస్తే కోలుకుందట. ఏమైందని అడిగితే అదే సంగతి. 100 బుడ్డి, ఎర్రమూత సిరంజి. నాకు ముద్ద దిగలేదు. రెండు ఆసుపత్రులకూ మధ్య దూరం ఆటోలో పది నిమిషాలు. ఆ మాట అటు చేరడానికి నెలన్నర పట్టింది, చేరేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

అయ్యా, నేను రాయాలనుకున్నది ఇదే. ఒక వార్డులో నేర్చుకున్నది పక్క వార్డుకు వెళ్లే దారి మాకు లేదు. ఆ దారి వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

దీనికి బయటి దేశాల్లో ప్రాక్టీస్ డెవలప్‌మెంట్ అని పేరుంది. పేరు పెద్దదే కానీ విషయం సులువు. నర్సులు తాము రోజూ చేసే పనిని తామే పరీక్షగా చూసుకుని, ఇంకాస్త బాగా ఎలా చేయాలో రోగి పక్కనే కనిపెట్టి, నలుగురితో పంచుకోవడం. 1980లలో ఇంగ్లండ్‌లో, ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లోని బర్ఫోర్డ్ అనే ఊళ్లో, ఒక చిన్న ఆసుపత్రిలో నర్సులు ఇలాంటి పని మొదలుపెట్టారు. గమనించండి, మహానగరంలోని పేరుమోసిన ఆసుపత్రిలో కాదు, మన ఏరియా ఆసుపత్రి లాంటి చోట. ఇప్పుడు ఆ దేశంలో పెద్ద ఆసుపత్రుల్లో ఈ పని కోసమే ప్రత్యేకంగా నర్సు పోస్టులున్నాయి. 2016 ఏప్రిల్ నుంచి అక్కడ ప్రతి నర్సూ మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవాలంటే 35 గంటలు నేర్చుకున్నట్టు చూపాలి. అందులో 20 గంటలు తోటివాళ్లతో కలిసి నేర్చుకున్నవై ఉండాలి. తన పనిలో ఎదురైన ఐదు సందర్భాల గురించి ఆలోచించి రాసి, వాటిని మరో నర్సుతో కూర్చుని మాట్లాడాలి కూడా.

మాకూ గంటల లెక్క ఉంది. ఐదేళ్లకు 150 గంటల సీఎన్‌ఈ, అంటే ఉద్యోగంలో ఉంటూ చదువు కొనసాగించడం, ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ చెప్పింది. వాళ్ల 35తో పోలిస్తే మన అంకె ఘనంగానే ఉంది. ఆ గంటలు ఎలా పూర్తవుతాయో కూడా చెప్పనివ్వండి. నైట్ డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా, ఒక హాల్లో కూర్చుంటాం. జ్యోతి ప్రజ్వలన అవుతుంది. ఎక్కడి నుంచో వచ్చిన పెద్దలు ఎనభై స్లైడ్లు చూపిస్తారు. సగం మందికి కళ్లు మూతలు పడుతుంటాయి. మధ్యాహ్నం వెజ్ బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. నా బీరువాలో అలాంటి సర్టిఫికెట్లు ఒక ఫైలు నిండా ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఆ రెండు సిరంజిల గురించి కాదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, మా సంగతి అచ్చం అదే. ఆ మాటలు చెప్పగలిగినవాళ్లు మా మధ్యే ఉన్నారు, వాళ్లను వేదిక ఎక్కించేవాళ్లే లేరు. ఒక ఉదాహరణ చెబుతాను. మా వార్డులో ఒక అక్క ఉండేది. సెలైన్, మందులు ఎక్కించడానికి చేతి నరంలో పెట్టిన సన్న గొట్టం, క్యాన్యులా మీద అంటించే ప్లాస్టర్‌పై పెన్నుతో తేదీ, టైము, తన పేరులో మొదటి అక్షరం రాసేది. ప్రతి షిఫ్టులో చేరగానే మంచాల వెంట నడుస్తూ ఆ తేదీలు చదివేది, సూది చుట్టూ వేలితో మెల్లగా నొక్కి నొప్పిగా ఉందా అని అడిగేది. ఎరుపో వాపో కనిపిస్తే అప్పుడే తీసేసేది. అందులో కొత్త ఏమీ లేదు, పుస్తకంలో ఉన్నదే. కానీ పుస్తకంలో ఉన్నది నలభై మంచాల వార్డులో, రాత్రి రెండు గంటలకు, ఒక్క మనిషి చేయగలిగేలా చేసి చూపించింది ఆమె. ఆర్నెల్లలో మేమంతా ఆ అలవాటులో పడ్డాం. చేతులు వాచి ఏడ్చేవాళ్లు తగ్గారని మాకే తెలిసింది, ఎవరూ లెక్క రాయలేదు కాబట్టి అంకె చెప్పలేను. తర్వాత ఆమెకు బదిలీ అయింది, ఏడాది తిరిగేసరికి మా ప్లాస్టర్లు మళ్లీ బోసిగా మిగిలాయి. ఆమె వెళ్లిన చోట కూడా మొదటి నుంచి మొదలుపెట్టుకోవాల్సి వచ్చిందట. నీకెందుకమ్మా ఇదంతా అన్నారట అక్కడివాళ్లు.

మా తిరుపతికి ఇంకో గొడవ ఉంది, భాషలు. కొండకు వచ్చినవాళ్లు జబ్బు పడితే మా దగ్గరికే వస్తారు. తమిళంలో ఆవిడ వలిక్కుదు అంటుంది, కన్నడంలో ఆయన నోవు అంటాడు, హిందీలో ఇంకొకరు దర్ద్ అంటారు. ఎంత నొప్పి, ఎక్కడ నొప్పి, పొద్దున ఏం తిన్నారు, ఏ మందు పడదు, ఈ నాలుగు ప్రశ్నలు నాలుగు భాషల్లో తెలుగు అక్షరాల్లో రాసి, ఒక సిస్టర్ తన డ్యూటీ టేబుల్ అద్దం కింద పెట్టుకుంది. ఎంత పనికొచ్చే కాగితం అది! ఈ ఊళ్లో స్విమ్స్ ఉంది, రుయా ఉంది, ప్రసూతి ఆసుపత్రి, బర్డ్ ఉన్నాయి, ప్రైవేటువి ఎన్నో ఉన్నాయి. ఆ కాగితం మాత్రం ఒక్క టేబుల్ అద్దం కిందే ఉంది.

నర్సింగ్ కాలేజీలకూ మా ఊళ్లో కొదవ లేదు. పిల్లలు తెల్ల కోటు వేసుకుని క్లినికల్స్‌కు వార్డుకు వస్తారు. పుస్తకంలో ఇలా ఉంది కదా మేడమ్ అంటారు. అదంతా పరీక్షకే, ఇక్కడ ఇలాగే చేయాలి అంటాం మేం. ఈ మాట నేనూ అన్నాను, ఒప్పుకుంటున్నాను. ట్యూటర్లకు వార్డు తెలిసి చాలా ఏళ్లయింది, మాకు కొత్త పుస్తకం తెలియదు. ఇద్దరం నెలకోసారైనా ఒక బల్ల దగ్గర కూర్చుంటే సగం తగాదా అక్కడే తీరుతుంది. చిత్తూరు దాటితే వచ్చే వేలూరులో క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వాళ్లు 1909లోనే నర్సింగ్ స్కూలు పెట్టారు, 1946లో కాలేజీ కోర్సు మొదలుపెట్టారు. అక్కడ పనిచేసి వచ్చిన సిస్టర్లు మా చిత్తూరు జిల్లాలో ఎందరో. వాళ్ల చేతుల్లో ఉన్న పనితనం కూడా ఎవరి వార్డులో వాళ్లతోనే ఆగిపోతోంది.

ఊళ్లలో ఒంటరిగా ఉన్న ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పిల్లల సంగతి ఇంకా కష్టం. బీఎస్సీ నర్సింగ్ చదివి సబ్‌సెంటర్లో కూర్చుంటారు. పక్కన అడగడానికి సీనియర్ ఉండదు. పోయిన వానాకాలం సత్యవేడు వైపు నుంచి ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసింది. షుగర్ ఉన్న ఒకాయన కాలి పుండుకు డ్రెస్సింగ్ చేస్తున్నా, అడుగున నల్లగా ఉంది, పంపించేయాలా ఇంకో రెండు రోజులు చూడాలా అక్కా అని. వెంటనే పంపించమన్నాను. నా నంబర్ ఆమెకు ఎలా దొరికిందో తెలుసా? మా చెల్లెలి రూమ్మేట్ ఇచ్చిందట! ఇలాంటి చుట్టరికం లేని అమ్మాయి ఎవరిని అడగాలి? వాట్సాప్ గ్రూపులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. వాటిలో గుడ్ మార్నింగ్ పూలు, డ్యూటీ మార్పులు వస్తాయి. అప్పుడప్పుడు రోగి ముఖం కూడా కనిపించేలా పుండు ఫొటో వస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు టెన్షన్.

అందుకని మేం అడిగేది ఇది. తిరుపతి, చిత్తూరు జిల్లాల నర్సులందరికీ కలిపి, ప్రభుత్వం గుర్తించిన ఒక వేదిక కావాలి. నెలకు రెండు గంటలు చాలు, కానీ అవి డ్యూటీ గంటల్లోనే ఉండాలి. నైట్ దిగినవాళ్లను కూర్చోబెట్టేదైతే అసలు వద్దు. ప్రైవేటు నర్సుల్ని, ఊరి క్లినిక్కుల్లోవాళ్లను కూడా పిలవాలి, దూరం వాళ్లు వీడియోలో కలుస్తారు. కుప్పం నుంచి తిరుపతికి బస్సులో వచ్చి పోవడమంటే ఒక రోజంతా పోతుంది మరి. ఆ గంటలు 150లో లెక్కకు రావాలి. అక్కడ మాట్లాడేది వార్డు సంగతులే, మాట్లాడేది మేమే. రోగి పేరు, ఆసుపత్రి పేరు చెప్పకుండా మాట్లాడుకుంటాం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి. అక్కడ చెప్పుకున్న పొరపాటు మీద మెమో రాకూడదు. నిర్లక్ష్యంగా రోగికి హాని చేసినవాళ్లను వదిలేయమని నేను అనడం లేదు, దానికి విచారణలు ఉన్నాయి. కానీ త్రుటిలో తప్పిపోయిన పొరపాటును నోరు విప్పి చెప్పినవాళ్లకు భద్రత ఉందని మీ శాఖ నుంచి కాగితం మీద ఒక మాట రావాలి. ఆ ఒక్క మాట లేకపోతే మిగతావన్నీ ఇచ్చినా ఉపయోగం లేదు. మళ్లీ జ్యోతి ప్రజ్వలనే.

పెద్ద ఆసుపత్రులకు ఒక్కొక్క ప్రాక్టీస్ డెవలప్‌మెంట్ నర్సును కూడా ఇవ్వగలిగితే మంచిది. ఆమె సగం రోజులైనా మంచాల దగ్గర డ్యూటీ చేయాలి. ఆఫీసు గదిలో కుర్చీ వేసి రిజిస్టర్లు తనిఖీ చేసే మరో అధికారి అయితే మాకు అక్కర్లేదు. అలాంటివాళ్లు ఇప్పటికే కావలసినంత మంది ఉన్నారు, క్షమించాలి.

మనుషులే చాలకపోతే వేదికలేమిటని మీ అధికారులు అనవచ్చు. నిజమే. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలని నిబంధన. నేను ఒక్కదాన్నే రాత్రంతా నలభై మందిని చూసుకున్న రోజులు లెక్కలేనన్ని. ఈ వేదిక ఖాళీ పోస్టులకు బదులు కాదు, దీన్ని చూపించి ఆ పోస్టులు ఆపితే మొదట అడ్డం పడేది నేనే. కాకపోతే పోస్టులు నిండేదాకా పొరపాట్లు ఆగవు కదా! తక్కువ మంది ఉన్నచోటే ఒకరి అనుభవం ఇంకొకరికి ఎక్కువ అవసరం.

2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. దాని ప్రకారం రాష్ట్రానికీ ఒక కమిషన్ ఉండాలి. మన రాష్ట్రంలో ఆ నియమాలు రాసే బల్ల దగ్గర వార్డులో పనిచేస్తున్న నర్సు ఒకరైనా ఉండేలా చూడండి. రిటైరైన పెద్దల మీద నాకు గౌరవమే, కానీ ఇప్పటి సిరంజిలు చేత్తో పట్టుకున్నవాళ్లు కూడా ఉండాలి.

మీ జవాబు వచ్చేదాకా ఊరికే కూర్చోలేక, మేం తొమ్మిది మందిమి వచ్చే నెల రెండో ఆదివారం ఒకరింటి మేడ మీద కలుస్తున్నాం. బ్యానర్ లేదు. టీ ఎవరి ఇంటి నుంచి వస్తుందో కూడా అనుకున్నాం. ఆ పెళ్లిలో నా పక్కన కూర్చున్న బ్యాచ్‌మేట్ వస్తానంది, ప్లాస్టర్ మీద తేదీ రాసే అక్క కూడా. మొదట మాట్లాడేది నేనే. ఎర్రమూతది ఒకటి, ఆరెంజ్ మూతది ఒకటి, రెండు సిరంజిలు, రెండు ఖాళీ బుడ్డీలు టిఫిన్ డబ్బాలో పెట్టి ఉంచాను. సత్యవేడు అమ్మాయికి వీడియో లింక్ పంపించాం, అక్కడ సిగ్నల్ దొరికితే ఆమె కూడా చూస్తుంది.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
తిరుపతి