బిద్రీ నలుపును తోమకు

సరళా,

నీ ఉత్తరం అందింది. ఎండాకాలం సెలవుల్లో సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇంటర్న్‌షిప్, అదీ బిద్రీ (నల్లటి లోహంలో వెండి పొదిగే బీదరు పనితనం) వస్తువుల దగ్గర! బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా శిల్పం ముందు గంటలకొద్దీ నిలబడొచ్చని కలలు కంటున్నావేమో. అది శుక్రవారం తప్ప ఏ రోజైనా టికెట్టు కొని చూడొచ్చులే. నీ లోకమంతా ఒక బల్ల, ఒక టేపు, ఒక పెన్సిలు. పెన్ను బయటే వదిలెయ్. సిరా చుక్క పడిందంటే అంత తేలిగ్గా పోదు.

ముందు లోహం సంగతి. బిద్రీ అంటే నల్లబడ్డ వెండి కాదు. దాదాపు అంతా జింకే, కాస్త రాగి. పదహారు పాళ్ళకు ఒక పాలన్నది అందరూ చెప్పే లెక్క. పోతపోసి, చెక్కి, ఆ గాడుల్లో వెండి తీగో రేకో కొడతారు. చివర్న బీదరు కోట మట్టి, నవాసాగరం కలిపి పట్టిస్తే జింకు నల్లబడుతుంది, వెండి తెల్లగా మిగులుతుంది. ఆ నలుపు మురికి కాదే, పనితనంలో సగం అదే! ఇది తెలియనివాళ్ళు పూజ సామాన్లు తోమే పాలిష్‌తో రుద్దేస్తారు. నలుపు లేచిపోయి బూడిదరంగు జింకు బయటపడుతుంది. ఆ తర్వాత హుక్కా కుండ మీద పువ్వెక్కడో నేలెక్కడో పోల్చుకోలేం. చిక్కేమిటంటే, గాలిలోని గంధకానికి వెండి కూడా నల్లబడుతుంది. ఏ నలుపు ఏదో తేల్చాల్సింది కన్జర్వేటరు, అంటే పాత వస్తువులను కాపాడే నిపుణులు. నీ వాటా మెత్తని కుంచెతో దుమ్ము దులపడం వరకే, అదీ వెండి లేచిన చోట వద్దు.

నూలు గ్లోవ్స్ ఇస్తే మర్యాదగా వద్దను. జారతాయి, పైగా వాటి పోగులు లేచిన వెండి అంచుకు చిక్కుకుని లాగేస్తాయి. నైట్రైల్‌వి, అంటే డాక్టర్లు వేసుకునేలాంటి నున్నటి కృత్రిమ రబ్బరు గ్లోవ్స్ అడుగు. ఉత్త చేతులైతే చెమటలోని ఉప్పుకు వేలిముద్రలు లోహం మీద అచ్చుపడిపోతాయి. కుండను మెడ పట్టి ఎత్తకు, ఒక చెయ్యి అడుగున ఉండాలి. పాన్‌దాన్ (తాంబూలం పెట్టె) అయితే మూత ముందే తీసి పక్కన పెట్టు.

వస్తువు ఎలా ఉందో రాసే కండిషన్ రిపోర్టులో ‘కొంచెం పాడైంది’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. వస్తువును గడియారం ముఖం అనుకో. ‘మూత అంచున, 3 గంటల వైపు, 4 మి.మీ. వెండి తీగ లేదు’ అని రాయి. టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే, తిన్నగా చూసినప్పుడు కనబడని ఉబ్బులు కనబడతాయి. తెల్లటి పొడి కనిపిస్తే అది జింకు తుప్పు. తుడవకు, ఫోటో తీసి చెప్పు. ఊడిన తీగ దొరికితే ఫెవిక్విక్ జోలికి పోకుండా, వస్తువు నంబరు రాసిన చిన్న కవర్లో పెట్టు.

నంబరు వెయ్యమంటే అడుగుభాగాన, కనబడని చోట వెయ్యాలి. అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే పారదర్శక రెసిన్ ఒక పూత, బాగా ఆరాక దాని మీద నంబరు, పైన ఇంకో పూత. తొందరపడి తడి మీద రాస్తే అక్షరాలు పాకుతాయి. గోళ్ళరంగు వాడే పాత అలవాటు ఎక్కడైనా ఉంటే నువ్వు నేర్చుకోకు. అది పచ్చబడి పెచ్చులూడుతుంది. రిజిస్టర్లో తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సంతకం చెయ్యి. వైట్నర్ మాత్రం వద్దు.

సర్దేటప్పుడు రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ, వెల్వెట్టు దగ్గరికి రానివ్వకు. వాటిలో గంధకం ఉంటే వెండి నల్లబడుతుంది. ఆసిడ్ లేని కాగితం, ఈథాఫోమ్ అనే ప్లాస్టిక్ ఫోమ్ మేలు. జూన్‌లో వానలు మొదలయ్యేసరికి అల్మారాలో తేమ పీల్చే సిలికా జెల్ రంగు చూస్తుండు. నీలం రకమైతే గులాబీ రంగుకు తిరిగిందంటే తేమతో నిండిపోయినట్టే, మార్చాలి.

గోళ్ళు కత్తిరించుకో, ఉంగరాలూ గాజులూ ఇంట్లో పెట్టి వెళ్ళు. మొదటి వారం చేసిన రిపోర్టు ఒకటి చూపించు, ఎర్ర పెన్నుతో దిద్దుతాను.

నీ
వాణి