ఫైర్‌వాల్ సరే, తాళాలు ఎవరి దగ్గర?

సంపాదకులకు,

ఏదైనా సైట్ హ్యాక్ అయిన వార్త వస్తే చాలు, ‘ఫైర్‌వాల్ పెట్టుకోవాలి’ అనే సలహా దాని వెనకే వస్తుంది. ఫైర్‌వాల్ అంటే సైట్‌కు వచ్చే అనుమానాస్పద రిక్వెస్టులను ఆపే కాపలా. మా దగ్గర అది ఉండగానే పరువు పోయింది. ఆ సంగతి చెప్దామనే ఈ ఉత్తరం.

నేను ఒక కాలేజీ వెబ్‌సైట్ చూసేవాణ్ని. అమెజాన్ అద్దెకిచ్చే క్లౌడ్ సర్వర్లు, అంటే ఏడబ్ల్యూఎస్ మీద నడిచేది. ఫలితాల రోజు హాస్టల్ పిల్లలంతా ఒకే వైఫై నుంచి, అంటే బయటికి ఒకే ఐపీ అడ్రస్‌తో, సైట్ మీద పడ్డారు. ఒకే చోటి నుంచి ఇన్ని రిక్వెస్టులా అని ఫైర్‌వాల్ వాళ్లను ఆపేసింది. ఫోన్లు మోగుతుంటే కాంట్రాక్టు కుర్రాడు టెన్షన్ పడి ఫైర్‌వాల్‌నే సైట్ నుంచి విడదీశాడు. మళ్లీ తగిలించడం మర్చిపోయాడు. తెల్లారేసరికి ఫీడ్‌బ్యాక్ పేజీ నిండా జూదం లింకులు!

తప్పు అతనిది కాదు. లాగ్‌లు, అంటే సైట్‌లో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలు, చూడటమే అతని పని. విడివిడిగా అనుమతులు రాయడం తలనొప్పని ఫుల్ యాక్సెస్ ఇచ్చింది నేనే.

తర్వాత కూర్చుని సొంతంగా పాలసీ, అంటే ఎవరు ఏం చేయొచ్చో చెప్పే నియమాలు, రాశాను. ఫైర్‌వాల్ మీద అతనికి ‘గెట్’, ‘లిస్ట్’ మాత్రమే, అంటే చూడటం వరకే. మార్చడం, తీసేయడం మీద ‘డినై’ (కుదరదు). ఇంకెక్కడ ‘అలో’ (చేయొచ్చు) ఉన్నా డినైదే పైచేయి. అయినా పరీక్షిస్తే ఫైర్‌వాల్ మళ్లీ ఊడొచ్చింది! మా సైట్ ముందు క్లౌడ్‌ఫ్రంట్ ఉంది. పేజీల కాపీలు దాచుకుని చూసేవాళ్లకు త్వరగా అందించే అమెజాన్ సర్వీసు అది. అక్కడ ఫైర్‌వాల్‌ను తగిలించేదీ విడదీసేదీ ఫైర్‌వాల్ అనుమతులతో కాదు, క్లౌడ్‌ఫ్రంట్‌ సెట్టింగులు మార్చే ‘అప్‌డేట్ డిస్ట్రిబ్యూషన్’ అనుమతితో. క్యాష్ (దాచిన పాత కాపీలు) క్లియర్ చేసుకుంటాడని అది కూడా ఇచ్చి ఉన్నాను. నిజానికి ఆ పనికి ‘క్రియేట్ ఇన్‌వాలిడేషన్’ ఒక్కటి చాలు.

మనుషులకే కాదు, ఫైర్‌వాల్‌కు ఇచ్చే అనుమతులకూ లెక్క ఉండాలి. 2019లో బయటపడిన అమెరికా బ్యాంకు క్యాపిటల్ వన్ డేటా దొంగతనంలో ఫైర్‌వాల్ కోసం పెట్టిన రోల్‌కే (అనుమతులు కట్టిపెట్టిన గుర్తింపుకే) డేటా నిల్వలు చదివే అనుమతి ఉంది. చొరబడిన మనిషి ఆ రోల్‌నే వాడుకుంది. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు పోయాయి. మరుసటి ఏడాది ఆ బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

కాలేజీలు, మున్సిపాలిటీలు టెండర్లలో ‘ఫైర్‌వాల్ ఉందా?’ అని అడుగుతున్నాయి. దాన్ని ఎవరెవరు తీసేయగలరో పేర్లతో రాసివ్వమని కూడా అడగాలి. మా దగ్గర ఆ జాబితా రాస్తే పద్నాలుగు పేర్లు తేలాయి. అందులో ముగ్గురు అప్పటికే ఉద్యోగం మానేశారు.

– ఒక సిస్టమ్ అడ్మిన్, కాకినాడ